పద్నాలుగు రోజుల కోర్సు, మూడు కుటుంబాలు

తెనాలి హనుమంతరావుగారి కడుపులో రెండేళ్లుగా కాపురముంటున్న హెచ్ పైలోరీ అనే క్రిమికి ఖాళీ చేయమని నోటీసు అందింది. గడువు పద్నాలుగు రోజులు. రెండు రకాల యాంటీబయాటిక్కులు, ఒక గ్యాస్ బిళ్ళ, రెండు పూటలా.

"మధ్యలో ఆపితే అది మొండికేస్తుందండి. తర్వాత ఈ మందులకి లొంగదు, కడుపులో పుండు ముదురుతుంది" అన్నారు డాక్టరుగారు. "పేగుల్లో మంచి బ్యాక్టీరియా కూడా కొన్నాళ్లు తగ్గుతుంది. అరుగుదల, ఆకలి మారతాయి. కంగారుపడకండి, మెల్లగా సర్దుకుంటుంది."

హనుమంతరావుగారు శ్రద్ధగా విని, "పెసరట్టు తినొచ్చాండీ?" అని అడిగారు.

ఐదో రోజుకి కడుపులో మంట తగ్గింది. మంట తగ్గిన మనిషి మందు మింగడం మన ఇళ్లలో దుబారా కింద లెక్క. మిగిలిన తొమ్మిది రోజుల బిళ్ళలు ఉమ్మడి ఆస్తి. వెంటనే రేపల్లెలోని అక్కగారు వెంకటసుబ్బులుకి ఫోను చేశారు.

"అక్కయ్యా, నీకూ తేన్పులొస్తాయిగా? నాలుగు రోజుల బిళ్ళలు పంపుతా, వాడు."

"పిచ్చి సన్నాసీ, నీకు లేకుండా నాకు పంపుతావేంటిరా! సరేలే, ఐదు రోజులవి పంపు."

మిగతా నాలుగు రోజులవి బాపట్లలో బావమరిది శివకృష్ణకి వెళ్లాయి. అతని కడుపుకి ఏ జబ్బూ లేదు. కానీ తన వైపు వాళ్లకి ఇచ్చి భార్య వైపు వాళ్లని వదిలేస్తే ఇంట్లో మాట వస్తుంది. శివకృష్ణ కూడా పెద్దమనిషే. బావగారి మర్యాద కోసం మింగాడు.

వారం తిరిగేసరికి మూడు ఊళ్లలో మూడు కుటుంబాల పేగులు సమ్మెకి దిగాయి. తెనాలిలో అత్యవసర సమావేశం జరిగింది. మధ్యలో రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చిన శివకృష్ణ అధ్యక్షోపన్యాసం చేశాడు.

"మన పేగుల్లో తరతరాల నాటి మంచి బ్యాక్టీరియా ఉండేది. బజారు పెరుగుతో ఆ ఖాళీ నింపడమంటే వంశానికే మచ్చ. వెంకటసుబ్బులు వదినగారింట్లో అరవై ఏళ్లుగా ఒక్కరోజు తప్పకుండా వస్తున్న తోడు ఉంది. దాన్ని తెప్పించాలి!"

తీర్మానం ఏకగ్రీవం. మర్నాడే పెరుగు తోడు స్టీలు క్యానులో రేపల్లెలో తెనాలి రైలెక్కింది. కిటికీ పక్క సీటు దానికే ఇచ్చారు. వేమూరులో ఎక్కిన ఒకావిడ, "ఆ క్యాను తీసి కింద పెట్టమ్మా, కూర్చుంటా" అంది.

"కుదరదమ్మా, అందులో మావాళ్లున్నారు" అంది వెంకటసుబ్బులు.

తోడుకుని మీగడ కట్టిన వంశగౌరవాన్ని హనుమంతరావుగారు మూడు పూటలా గిన్నెడేసి తిన్నారు. నెలన్నరలో ఐదు కిలోలు పెరిగారు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే రాజీనామా చేశాయి. వీధిలోవాళ్లు "మందు బాగా వంటపట్టింది" అని మెచ్చుకున్నారు. లోపల మంట మాత్రం మళ్లీ మొదలైంది.

ఊపిరి పరీక్షలో క్రిమి క్షేమంగా ఉందని తేలింది. పాత మందులకి అది ఇప్పుడు లొంగేలా లేదు. డాక్టరుగారు ఈసారి నాలుగు రకాలు రాశారు.

"ఇది కూడా పాడుచేసుకుంటే తర్వాత నేను రాయడానికి పెద్దగా ఏం మిగల్లేదండి. ఒక్క బిళ్ళ ఎవరికిచ్చినా నా దగ్గరికి రాకండి."

హనుమంతరావుగారికి మొదటిసారి భయం వేసింది. "ఒట్టండీ, చచ్చినా ఇవ్వను" అన్నారు. ఆ మాట మీద నిలబడ్డారు కూడా.

బయట వరుసలో పదకొండుమంది కూర్చుని ఉన్నారు. "ఏం రాశారు బాబాయిగారూ?" అంది తేజస్వి అనే అమ్మాయి.

"కొత్త మందమ్మా. చాలా గట్టిదంట."

బిళ్ళలు ఇవ్వనన్నారు గానీ చీటీ చూపించనని ఆయన ఒట్టేయలేదు. పదకొండు ఫోన్లు లేచాయి. ఫొటోలు తీసుకుని తొమ్మిదిమంది లేచి, లోపలికి వెళ్లే పని లేకుండా, నేరుగా మందుల షాపుకి వెళ్లారు. షాపాయన ఎవరికి ఏం జబ్బని అడగలేదు. అలా అడగడం మర్యాద కాదు. ఎన్ని రోజులవి ఇమ్మంటారని మాత్రమే అడిగాడు.

"రెండు పూటలకివ్వండి, తగ్గకపోతే చూద్దాం" అన్నారందరూ.

ఆ చీటీ ఫొటో ఇప్పటికి మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. అంత దగ్గరగా పెట్టి చూడకండి, ఆ రాత మీకు అర్థం కాదు. మందు పేరు కావాలంటే నన్నడగండి, మనలో మనకి మొహమాటమేంటి.