దివిసీమ వైపు షబానా

ఆ ఉదయం ప్రేమ్ సాగర్, సుచిత్ర దంపతులు బందరు నుంచి గుడివాడలో బంధువుల పెళ్లికి బయలుదేరారు. ప్రేమ్ సాగర్ కాలేజీలో భూగోళం లెక్చరర్. తుపాన్ల కాలంలో రోజూ పొద్దున్నే ఒక వాట్సాప్ గ్రూపులో వాతావరణం చెబుతాడు. ఒకటి రెండు తుపాన్ల దారి ముందే సరిగ్గా చెప్పినప్పటి నుంచి దివిసీమలో ఆయన మాటంటే గురి.

"పట్టుచీర కట్టుకోవచ్చా?" అని సుచిత్ర అడిగింది.

"నిక్షేపంగా కట్టుకో. అల్పపీడనం బలహీనపడింది. గాలి తప్ప వాన లేదు."

బస్సెక్కాక పక్కింటి అబ్దుల్ ఖాదర్ ఫోన్ చేశాడు. ఆయనకో మరపడవ ఉంది. దానికి కూతురి పేరే పెట్టుకున్నాడు, షబానా అని. "మాస్టారూ, సముద్రంలో మన పడవ ఇంజను పాడైందట. మా బావమరిది చాంద్, పనివాళ్లు అందులోనే ఉన్నారు. ఇప్పుడు ఫోను కలవట్లేదు. ఎటు కొట్టుకుపోతుందో కాస్త చూసి చెప్పండి!"

ప్రేమ్ సాగర్ గాలి మ్యాపు చూసి గబగబా వాయిస్ మెసేజ్ పెట్టాడు. "షబానా దివిసీమ వైపు వెళ్తోంది. సాయంత్రానికి నాగాయలంక దగ్గర తీరం చేరొచ్చు. వెంటనే అధికారులకు చెప్పండి. ఆలస్యమైతే ప్రాణాలకే ముప్పు."

కంగారులో అది ఖాదర్‌కి బదులు గ్రూపుకి వెళ్లింది. ఆ వెంటనే చార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది.

రద్దీలో పాకుతూ మధ్యాహ్నానికి పామర్రు చేరిన బస్సు సెంటర్‌లో ఇక కదల్లేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, మేకలు, బియ్యం బస్తాలతో నిండిన ట్రాక్టర్లు దివిసీమ నుంచి వస్తూనే ఉన్నాయి. ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. దంపతులు కిందికి దిగారు.

"ఏమైందండీ?"

"షబానా అని పెద్ద తుపానండీ! బందరు మునిగిపోయిందంట," అన్నాడు ట్రాక్టరు మీదున్న జగన్మోహనరావు అనే రైతు.

తను బస్సెక్కాక మునిగిందా? "ఎవరు చెప్పారు?" అన్నాడు ప్రేమ్ సాగర్.

"ప్రేమ్ సాగర్ గారే!"

"ప్రేమ్ సాగర్‌ని నేనేనండీ. నేను చెప్పలేదు."

"ఊరుకోండి! ఇంత ముంచుకొస్తుంటే ఆయన పెళ్లిబట్టలేసుకుని తిరుగుతాడా?" అని జగన్మోహనరావు ఫోన్‌లో మెసేజ్ వినిపించాడు.

తన గొంతు విని ప్రేమ్ సాగర్ ట్రాక్టరు చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

పక్కనే పోలమ్మ అనే ముసలామె వణికిపోతోంది. చిన్నతనంలో ఉప్పెన ఆమె ఇంటిల్లిపాదినీ తీసుకుపోయింది. ప్రేమ్ సాగర్ ఆమె ముందు చేతులు జోడించాడు. "తుపాను లేదమ్మా. షబానా అంటే పడవ. ఇంజను చెడిపోయి మీ ఒడ్డు వైపు కొట్టుకొస్తోంది."

"అందులో మనుషులున్నారా?"

"ఉన్నారమ్మా."

"మరి మేమంతా ఇక్కడ కూర్చుంటే వాళ్లనెవరు ఒడ్డుకి లాగుతారయ్యా?"

సుచిత్ర తన ఫోన్‌లో ఎన్నిసార్లు చేసినా ఖాదర్‌కి గానీ అధికారులకి గానీ లైను కలవలేదు. ఒడ్డున ఒక్క మనిషి కూడా మిగిలి ఉండడు. జగన్మోహనరావు ట్రాక్టరు వెనక్కి తిప్పాడు. దంపతులూ ఎక్కారు. దారి పొడవునా ఖాళీ ఊళ్లు, బార్లా తెరిచిన తలుపులు. గాలి హోరు పెరిగిన కొద్దీ ప్రేమ్ సాగర్‌కి చాంద్ మొహమే కనబడుతోంది. ఖాదర్‌కి ఏమని చెప్పాలి?

ఒడ్డు చేరేసరికి పడవ అక్కడే ఉంది. మెసేజ్ విని తుపాను కోసం పరుగెత్తుకొచ్చిన సహాయ బృందం, తుపాను కనబడక, కనబడిన పడవను లాక్కొచ్చింది. అందరూ క్షేమం. ఈసారి ఫోన్ కలిసింది. సుచిత్ర ఏడుస్తూనే ఖాదర్‌కి కబురు చెప్పింది.

టీ తాగుతున్న చాంద్ మాత్రం బెదురుగా చూశాడు. "మాస్టారూ, ఊళ్లో ఒక్కరూ లేరేంటండీ? తుపానేమైనా వస్తోందా?"

మర్నాడు ప్రేమ్ సాగర్ గ్రూపులో "ఈ రోజు మంచి ఎండ" అని పెట్టాడు. నాగాయలంకలో ఎవరూ బట్టలు ఆరేయలేదు.