సాయంత్రంలోగా పాతబడాలి

ఆదివారం పొద్దున్నే కాఫీ కోసం వంటింట్లోకి వచ్చిన భర్త చేతిలో ఆ ఇంటి కోడలు కాఫీకి బదులు ఉప్పుకాగితం పెట్టింది.

"ఈ తలుపుల అంచులన్నీ బాగా రుద్దండి. రంగు పోయి లోపలి చెక్క కనపడాలి."

అతను కప్‌బోర్డుల వంక చూశాడు. చేయించి ఏడాది కూడా నిండలేదు. తెల్లగా మెరిసిపోతున్నాయి. వాటి మీద పడ్డ నీటిచుక్కను వెంటనే తుడవలేదని ఈ మనిషే తనను ఎన్నిసార్లు కడిగేసిందో అతనికి బాగా గుర్తుంది.

"నీకేమైనా మతి పోయిందా?"

"పోయేది నా పరువు. మా మేడమ్ సాయంత్రం వస్తున్నారు."

సంగతేమిటంటే, కోడలి పై అధికారిణికి పాత వస్తువులంటే ప్రాణం. ఆఫీసు గదిలో తాతగారి నాటి బల్ల ఒకటి వేయించుకుంది. పురుగు తిన్న రంధ్రాలతో సహా దాన్ని చూసి అందరూ మెచ్చుకోవాలి. దాని మీద టీ కప్పు పెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. మొన్న ఆవిడ భోజనాల దగ్గర, "ఈ కాలం వంటిళ్ళు ఆసుపత్రుల్లా ఉంటాయి" అని విసుక్కుంది. అందరూ తలూపారు. కోడలు కూడా తలూపి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. ఊరుకోలేదు. "మేమింకా మా అమ్మమ్మ నాటి కప్‌బోర్డులే వాడుతున్నామండీ" అనేసింది. "అయితే చూడాల్సిందే" అంది ఆవిడ.

"అబద్ధమని తెలిస్తే ఏ మొహం పెట్టుకుని ఆఫీసుకెళ్ళను? కొత్త విభాగానికి ఇన్‌చార్జిని వేసేది ఆవిడే. మీ నాన్నగారికి మాత్రం చెప్పకండి, ఆయన కడుపులో మాట దాగదు."

మామగారిని అప్పటికే జుట్టు కత్తిరించుకు రమ్మని పంపేసింది. ఆయన ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసి, చిన్న గీత ఉన్నా వెనక్కి పంపించేసి, అదే పనిలో రిటైరైన మనిషి. ఆ కళ్ళు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. ఇంట్లో ఏ కుర్చీకి గీత పడినా దాన్ని పూడ్చడానికి లప్పం డబ్బాతో వాలిపోతారు.

కోడలు కేకు కొనడానికి వెళ్ళింది. భర్త చెమటలు కక్కుతూ అంచులన్నీ రుద్ది, టీ డికాషన్‌తో మరకలు పూసి, ఇత్తడి పిడుల కోసం బజారుకు బయలుదేరాడు. అతను అటు వెళ్ళగానే మామగారు ఇటు నుంచి వచ్చారు. మంగలి దగ్గర జనం ఎక్కువగా ఉన్నారట. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి నిలువునా నీరుగారిపోయారు.

"ఏడాది తిరక్కుండానే రంగు లేచిపోయిందా!"

ముందుగా, కప్‌బోర్డులు చేసిన వడ్రంగికి ఫోన్ చేసి దులిపేశారు. పాపం, కొడుకూ కోడలూ చూస్తే బాధపడతారనిపించింది. గీతలన్నీ లప్పంతో నింపి, ఇట్టే ఆరిపోయే తెల్లరంగు వేసి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ మంగలి దగ్గరికి వెళ్ళిపోయారు.

భార్యాభర్తలు గుమ్మంలో కలిశారు. "అయిందా?" అంది కోడలు. "చేతులు పడిపోయాయి" అన్నాడతను గర్వంగా. ఇద్దరూ వంటింట్లోకి తొంగి చూశారు. కప్‌బోర్డులు పెళ్ళికూతురిలా ధగధగలాడుతున్నాయి.

"ఏం చేశారండీ ఇంతసేపూ? ఒక్క అంచయినా ముట్టుకున్నారా?"

"రుద్దాను! ఒట్టు!"

"ఎక్కడో చూపించండి!"

చూపించడానికి ఏముంది గనక? తన మీద తనకే అనుమానం వచ్చి, ఆ కసంతా తలుపుల మీద తీర్చుకుంటూ మళ్ళీ రుద్దాడు. ఈసారి కోడలు పక్కనే కాపలా నిలబడి, పిడులు కూడా బిగించాకే చీర మార్చుకోవడానికి వెళ్ళింది. అతను స్నానానికి వెళ్ళాడు. ఆ కాస్త సందు చాలు. కత్తిరించిన జుట్టుతో మామగారు వచ్చారు.

"అయ్యో, పొద్దున వేసింది అప్పుడే లేచిపోయిందే!"

ఈసారి తెల్లరంగు సగంలోనే అయిపోయింది. మిగిలిన చోట కిటికీలకు వాడిన మీగడరంగు వేశారు. అదీ చాలక కొన్ని చోట్ల వట్టి లప్పమే అద్దారు. తిట్లు తిన్న వడ్రంగి కూడా అప్పుడే సంచీతో దిగాడు. "నా పనికి వంక పెడతారా పెద్దయ్యగారూ?" అంటూ ఒక తలుపు ఊడదీసి నేల మీద పరిచాడు. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

కోడలు ఎంత చెప్పినా ముందుగదిలో కూర్చోకుండా మేడమ్ తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఊడిన తలుపు, దాని మీద వంగిన వడ్రంగి, చేతినిండా లప్పంతో మామగారు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. మేడమ్ మాత్రం కళ్ళజోడు సర్దుకుని, మచ్చలు మచ్చలుగా ఉన్న ఆ తలుపును మెల్లగా నిమిరింది.

"ఎన్ని చేతులు పడితే ఇలా అవుతుంది! చూడండి, పొర మీద పొర. దీన్నంటారమ్మా అసలైన పాతది అని!"

కోడలికి ప్రాణం లేచొచ్చింది. "మా అమ్మమ్మ దీన్ని ఎంత..." అని మొదలుపెట్టింది.

"అమ్మమ్మేంటమ్మా?" వడ్రంగికి చిర్రెత్తుకొచ్చింది. "నిరుడు నేను చేసిన తలుపులివి!"

అంటూ లేచి తలెత్తాడు. మేడమ్‌ను చూడగానే మొహం చేటంత అయింది.

"నమస్కారం మేడమ్! మీ తాతగారి బల్ల ఎలా ఉంది? పురుగు తిన్నట్టు ఇంకో నాలుగు రంధ్రాలు పెట్టమన్నారుగా, ఎప్పుడు రమ్మంటారు?"

మేడమ్ కోడలి వంక చూసింది. కోడలు మేడమ్ వంక చూసింది. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూపు తిప్పుకున్నారు. మామగారొక్కరికే గుండె తరుక్కుపోయింది.

"రంధ్రాలా? ఇంకా పెట్టించుకోవడం ఏంటమ్మా! రేపు నేనొచ్చి ఉన్నవాటిని కూడా పూడ్చేస్తాను."

మర్నాడు ఇన్‌చార్జి ఉత్తర్వు మీద మేడమ్ సంతకం పెట్టేంతసేపూ, కోడలి టీ కప్పు తాతగారి బల్ల మీదే ఉంది.