నక్షత్రానికి వారసురాలు

వెయ్యి కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన ఒక నక్షత్రపు వెలుగు, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు జిల్లా ఆకాశ స్వీకరణ కార్యాలయంలో మూడో కౌంటరు ముందు వరుసలో నిలబడింది. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎండ తగలకుండా గొడుగు చాటున ఉన్న టెలిస్కోపు దాన్ని అద్దంతో పోగుచేసి, అంకెలుగా మార్చి, రేడియోలో కిందికి పంపింది. యాంటెన్నా దాకా టెలిస్కోపు బాధ్యత. అక్కణ్నుంచి కౌంటరు దాకా వెలుగు నడిచి రావాలని నిబంధన.

దాన్ని వెంటబెట్టుకొచ్చినావిడ పైడితల్లి, ఖగోళ శాస్త్రవేత్త. ఆ ఒక్క నక్షత్రం కోసం పదకొండేళ్లుగా దరఖాస్తులు పెడుతూ వచ్చింది. టెలిస్కోపులో దాచుకునే చోటు ఒక్క రోజుకే సరిపోతుంది. సాయంత్రం ఐదులోగా ‘ముట్టింది’ అని కార్యాలయం కబురు పెట్టకపోతే, టెలిస్కోపు ఈ వెలుగును చెరిపేసి కొత్తది రాసుకుంటుంది.

గుమస్తా కూర్మినాయుడు కాగితాలు తిరగేశాడు.

“బయల్దేరినప్పుడు నీలం అని రాసుంది మేడమ్. ఇక్కడ చూస్తే ఎరుపు. అదీ సరిగ్గా కంటికి ఆనడం లేదు.”

“విశ్వం సాగుతోందయ్యా. దాంతోపాటు వెలుగూ సాగి, ఎరుపు దాటిపోయింది. దూరాన్నుంచి వచ్చే ప్రతి వెలుగుదీ ఇదే సంగతి.”

“ప్రతి వెలుగూ అఫిడవిట్ తెచ్చుకుంటంది గదా మరి.”

పైడితల్లి ఎండలో పరుగెత్తి అఫిడవిట్ తెచ్చేసరికి భోజనాల వేళయింది. రెండున్నరకు కౌంటరు తెరిచారు. భూమి మీద శాశ్వత చిరునామా గడి ఖాళీగా ఉందన్నారు. ఇది బయల్దేరిన నాటికి భూమే పుట్టలేదని ఆవిడ విన్నవించుకుంది. అయితే ‘తాత్కాలికం’ అని రాయమన్నారు. రాసింది.

“నక్షత్రం బతికే ఉందా?” అని అడిగాడు కూర్మినాయుడు.

పైడితల్లికి అబద్ధం అలవాటు లేదు. “అంత పెద్ద నీలి నక్షత్రాలు కోటి ఏళ్లకు మించి ఉండవు. ఎప్పుడో పోయి ఉంటుంది.”

వెలుగు కొంచెం వణికింది. “నాకెవరూ చెప్పలేదు,” అంది.

కూర్మినాయుడు వేరే రంగు ఫారం తీశాడు. “అయితే ఇది వారసుల కేసు. మీ రక్తంలో ఇనుముందా మేడమ్?”

“అందరికీ ఉంటుంది.”

“నక్షత్రాల్లోనే ఇనుము తయారవుద్దని కిందటేడు దరఖాస్తులో మీరే రాశారు.”

“అది ఈ నక్షత్రం కాదయ్యా బాబూ! ఇంకేదో!”

“దూరపు చుట్టమే గదా. సంతకం పెట్టండి.”

గోడకేసి తల బాదుకోవాలనిపించింది ఆవిడకు. గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. పళ్లు బిగబట్టి సంతకం పెట్టింది. కూర్మినాయుడు సంతకం ఆరేదాకా ఊది, “మరి వారసురాలు బతికున్నట్టు పత్రం?” అన్నాడు.

“నీ ఎదురుగా నిలబడి అరుస్తున్నాను, కనబడ్డం లేదూ?”

“కనబడతన్నారు మేడమ్. నేను చూస్తే చెల్లదు. తొమ్మిదో కౌంటరు.”

తొమ్మిదో కౌంటరు ముందు వరుస వరండా దాటి మెట్ల మీదికి పాకింది. అందరూ ముసలివాళ్లే. చివరన ఉన్న ఒక ముసలమ్మ జరిగి, పైడితల్లికీ వెలుగుకీ చోటిచ్చింది.

“ఎంతసేపైందమ్మా వచ్చి?”

“మూడ్రోజులు. రోజూ మళ్లీ చివర్నుంచే. మొదట్రోజు కోపమొస్తాది తల్లీ. తర్వాత రాదు.”

వరుస రెండడుగులు కదిలింది. పైడితల్లి పక్కకు చూసింది. వెలుగు పలచబడి, వెనక గోడ మీది పగుళ్లు దానిలోంచి కనిపిస్తున్నాయి. ఐదు కొట్టేసరికి గోడ మాత్రమే ఉంది.

ఇక అక్కడ ఆవిడకు పనేమీ లేదు. వెళ్లిపోదామని మెట్ల వైపు తిరిగింది కూడా. కానీ చేతిలో సగం నింపిన ఫారం ఉంది. దాని మీద తన పేరుంది. పేరు పక్కన ‘నిర్ధారణ కాలేదు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. మళ్లీ ముందుకు తిరిగి, ముసలమ్మ వెనక సర్దుకుని నిలబడింది.

కర్ర పోటేసుకుంటూ వచ్చిన పెద్దాయన ఒకడు ఆవిడ భుజం తట్టాడు.

“ఇది బతికున్నోళ్ల లైనేనామ్మా?”

“అవునండీ,” అంది పైడితల్లి. “నా వెనక నిలబడండి.”