కాలవగట్టుకి ఎర్ర రంగు

…అసలు వాలు అనేది మనిషి మంచితనం లాంటిది, మరీ నిటారుగా ఉండకూడదు, పన్నెండడుగులు ముందుకు పోతే ఒక్క అడుగు పైకి లేవాలి, అప్పుడే చక్రాల మీద వచ్చేవాడికి ఆయాసం రాదు, అనుకుంటూ త్రినాథ్ నోట్లో బ్రష్షు పెట్టుకుని పెరట్లో నిలబడి ఉన్నాడు. పేస్టు నురగ గడ్డం దాటి బనీను మీదికి కారుతున్న సంగతి అతనికి తెలియలేదు.

"ఏవండీ, సాయంత్రం మా పిన్నివాళ్లు వస్తామంటున్నారు. వారం రోజులుంటారంట. రమ్మని చెప్పనా?" అంది భార్య లక్ష్మీదుర్గ లోపల్నుంచి.

"చూద్దాంలే" అన్నాడు నురగలోంచి.

లోపల ఫోన్లో "రమ్మంటున్నారు పిన్నీ, అందరూ వచ్చెయ్యండి" అని వినపడింది.

త్రినాథ్ ఆ ఊరి మున్సిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరు. పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రయి, నెత్తిన జుట్టు పల్చబడుతున్నా, ఇంతవరకూ ఎవరికీ మొహం మీద కాదని చెప్పి ఎరగడు. అలాగని చెప్పకూడదన్న నియమమేమీ పెట్టుకోలేదు. ఆ మాట కడుపులోంచి బయల్దేరి గొంతు దాకా బాగానే వచ్చేది. అక్కడ మెట్టు తగిలినట్టు ఆగిపోయేది. దాని బదులు 'చూద్దాంలెండి' బయటికొచ్చేది. అలా అంటే వాళ్లే మర్చిపోతారని అతని ఆశ. వాళ్లు మాత్రం సంతోషంగా వెళ్లి పని మొదలుపెట్టేవాళ్లు.

ఆ ఉదయం అతని కార్యక్రమం చాలా చిన్నది. కాలవగట్టు మీద కొత్తగా వేసిన దారికి ప్రారంభోత్సవం. పది గంటలకి కమిషనర్ గారు వస్తారు, జక్రయ్య మాస్టారు తన బండి మీద ముందు వెళతారు, అందరూ చప్పట్లు కొడతారు, టిఫిన్లు చేస్తారు. ఇందులో తప్పు జరగడానికి ఏమీ లేదని అతను మూడుసార్లు ఆలోచించి తేల్చుకున్నాడు.

ఆ గట్టు ఇంతకుముందు రాళ్లూ గుంటలూ. రెండు కొసలా మెట్లు. పొద్దున్నే నడిచేవాళ్లు ఎలాగో నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు సైకిలుని భుజానికెత్తుకునేవాళ్లు. జక్రయ్య మాస్టారికి ఆ రెండూ కుదరవు. పసితనంలో పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడిపోయాయి. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీదే బడికి వెళ్లి, ఊళ్లో సగం మందికి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ సగంలో త్రినాథ్ కూడా ఉన్నాడు.

"ఒరేయ్ త్రినాథూ" అన్నారాయన నిరుడు ఆఫీసు గుమ్మం ముందు బండాపి. "నన్ను చిన్నప్పుడు బడికి మా నాన్న ఎత్తుకెళ్లాడు. చర్చికి మా తమ్ముడు ఎత్తుకెళ్లాడు. పెళ్లికి మా బావమరుదులు ఎత్తుకెళ్లారు, దాంట్లో ఒకడు కిందేశాడు కూడా. ఆ గట్టు మీద చివరి రేవు దాకా ఒక్కసారి నా చేతులతో నేను పోవాలిరా. ఎవడూ నా బండి మీద చెయ్యెయ్యకూడదు. అవుద్దా?"

"చూద్దాం మాస్టారూ" అన్నాడు త్రినాథ్. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజంగా అన్నాడు. కాగితాలు పట్టుకుని తిరిగాడు. మెట్లు కొట్టించి వాలు కట్టించాడు. గట్టు పొడుగునా సిమెంటు వేయించి, చక్రం జారిపోయేంత నున్నగా చేయించాడు.

ఆ నున్నదనమే కొంప ముంచింది.

అతను గట్టు దగ్గరికి వెళ్లేసరికి సిమెంటు కనపడలేదు. ఈ కొస నుంచి కనుచూపు మేర దాకా మిరపకాయలు. మధ్యలో గొడుగు కింద సుబ్బరావమ్మ కూచుని, చెక్క పలకతో కాయల్ని పల్చగా పరుస్తోంది. గట్టు కింద మూడెకరాల మిరప చేను ఆవిడది.

"ఏంటండీ ఇది సుబ్బరావమ్మగారూ?"

"మిరగాయలు. ఎప్పుడూ చూళ్లేదా?"

"అది కాదండీ, ఇక్కడ పోశారేంటని..."

"నువ్వేగా పోసుకోమంది! మొన్న సిమెంటు తడుపుతుంటే అడగలా? అబ్బాయ్, అద్దంలా ఉందే, నా నాలుగు కాయలు ఆరబోసుకోనా అంటే చూద్దాంలెండి అన్లా?"

"అన్నాను కానీ..."

"అన్నావుగా మరి. చేలో కల్లం చేసుకుంటే రాయీ రప్పా, పోయినేడు తేలు కూడా కుట్టింది. ఇక్కడ చూడు, కాయకి దుమ్మంటితే ఒట్టు. నీ కడుపు చల్లగుండ, మా కోసం మంచి కల్లం కట్టావయ్యా."

త్రినాథ్ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తీసేయండి అని చెప్పాలి. నాలుగు అక్షరాలు. ఆవిడ మొహం వంక చూడకుండా గొడుగు వంక చూస్తూ చెబితే సులువవుతుందేమో అనుకున్నాడు. గొడుగు వంక చూశాడు. దాని మీద ఒక ఎరువుల కంపెనీ రైతు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక ఆ బొమ్మ రైతుకి కూడా చెప్పబుద్ధి కాలేదు.

అప్పుడే జేబులో సెల్లు మోగింది. కమిషనర్ గారు.

"త్రినాథ్! ఇప్పుడే అవతలి గట్టు రోడ్డు మీంచి వెళుతూ చూశాను. దారికి ఎర్ర రంగు వేయించారా! ట్రైనింగులో మాకు బొమ్మలు చూపించారయ్యా, విదేశాల్లో సైకిళ్ల దారులు ఇలాగే ఎర్రగా ఉంటాయి. నాతో ఒక్క మాట కూడా అనలేదే!"

"అంటే మేడమ్, అది..."

"సర్‌ప్రైజా? వెరీ గుడ్. కానీ రేవు వైపు చివర కొంత బూడిద రంగే ఉంది. సగం సగం బాగుండదు. నేను మీటింగ్ చూసుకుని వచ్చేలోపు అదీ పూర్తి చేయించండి. పేపర్ల వాళ్లకి కూడా చెబుతున్నా. అయిపోతుందిగా?"

"చూద్దాం మేడమ్."

"గుడ్!"

త్రినాథ్ ఆరిపోయిన సెల్లు వంక చూస్తూ నిలబడ్డాడు. అతని లోపల ఎప్పుడూ ఇద్దరు మనుషులుంటారు. ఒకడు నిజం చెప్పేద్దామంటాడు, ఇంకోడు కాసేపాగుదామంటాడు. చాలా ఏళ్లుగా మొదటివాడు మాట్లాడటం మానేసి, ఒక మూల కూచుని పేపరు చదువుకుంటున్నాడు.

"పీరూ, ఆ చివర ఎర్ర రంగు కొట్టించాలి, పదింటికల్లా" అన్నాడు మేస్త్రీతో.

పీరు తల గోక్కున్నాడు. "రంగు తేవాలంటే గుంటూరు పోవాల సార్. తెచ్చినా ఆరాలంటే రేపవుద్ది." తర్వాత మిరపకాయల వంక చూశాడు, బూడిద రంగు వంక చూశాడు. "కాయలైతే ఎట్టాగూ ఆరుతుండయ్యిగా సార్."

మూలన పేపరు చదువుకుంటున్నవాడు తలెత్తి చూసి, మళ్లీ దించేశాడు.

"సుబ్బరావమ్మగారూ, ఇంకా కాయలు ఉన్నాయా అండీ?" అని అడిగాడు త్రినాథ్. అడుగుతున్న గొంతు తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది.

"నావి ఇంతే. మా ఆడపడుచు వాళ్లయి ఉండయి. కబురెట్టనా?"

"పెట్టండి. త్వరగా."

కబురు వెళ్లింది. మున్సిపాలిటీ వాళ్లే రమ్మంటున్నారు, ఇంజనీరు గారు దగ్గరుండి పోయిస్తున్నారు అని వెళ్లింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కాసేపటికి గట్టు కింద ఆటోలు, వాటి వెనక ట్రాక్టర్లు. ఆడపడుచు కాయలు వచ్చాయి, ఆవిడ వియ్యంకుడి కాయలు వచ్చాయి, ఎవరికీ ఏమీ కానివాళ్ల కాయలు కూడా వచ్చాయి. బూడిద రంగు ఎప్పుడో అయిపోయింది. బస్తాలు మాత్రం దిగుతూనే ఉన్నాయి.

"ఒరేయ్, జరగరా, అది నేను పట్టుకున్న జాగా!"

"నీ తాతేమన్నా కట్టించాడంటరా గట్టు? ఇంజనీరు గారిని అడుగు, ఆయన ఎట్టంటే అట్ట!"

ఆయన ఎవరికీ కాదనలేక, ప్రారంభోత్సవానికి తెప్పించిన ముగ్గుపిండితో గట్టు మీద గీతలు గీసి హద్దులు పంచాడు. పంచాక అది పూర్తిగా ప్రభుత్వ వ్యవహారంలా కనపడింది. స్వాగత తోరణం కర్రకి ఎవరో కాటా వేలాడదీశారు. మిర్చి యార్డు నుంచి వచ్చిన ఒక వ్యాపారి, చేతిలో కాయ పట్టుకుని దిగాలుగా నిలబడ్డ త్రినాథ్‌ని చూసి, "కాయ బాగుంది, తాలు తక్కువే. ఎన్ని బస్తాలుంటయి మీవి?" అని అడిగాడు.

"చూద్దాంలెండి" అన్నాడు త్రినాథ్.

వ్యాపారి తృప్తిగా తలూపి, లారీకి ఫోన్ చేశాడు.

బ్యాండు వాళ్లు వచ్చారు. సన్నాయి ఆయన ఊపిరి బాగా పీల్చి ఊదబోయి ఏడు తుమ్ములు తుమ్మాడు. డోలు ఆయన అలవాటు కొద్దీ తుమ్ములకి దరువేశాడు.

అప్పుడు వచ్చారు జక్రయ్య మాస్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బండి కడిగించి, గొలుసుకి నూనె పెట్టించినట్టున్నారు, చప్పుడు లేకుండా వచ్చింది. వాలు దగ్గర ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"ఏందిరా ఇది?"

"మాస్టారూ, అది..."

"దారేదిరా?"

"కిందుంది మాస్టారూ."

మాస్టారు వంగి కాయల వంక చూశారు. "తొక్కుకుంటా పోనా?"

"పోవద్దని ఎట్టా అంటాను మాస్టారూ, మీరు మాకూ చదువు చెప్పారు" అంది సుబ్బరావమ్మ వినయంగా. "కాకపోతే కాయ నలిగి గింజ రాలిందంటే ఎవడూ కొనడు. ఏడాది కష్టం."

మాస్టారు చేతులు పిడుల మీదే ఉన్నాయి, తిప్పలేదు. ఆ క్షణంలోనే కమిషనర్ గారి కారు, దాని వెనక కెమెరాల వాళ్లు వచ్చి ఆగారు. బస్తాలు మోసే హమాలీల్లో ఒకతనికి గొప్ప ఆలోచన వచ్చింది.

"మాస్టార్ని ఎత్తుకుందాం రండ్రా! కాయలకీ ఏం కాదు, పెద్దాయనకీ మర్యాద!"

"వద్దురా! ఒరేయ్, వద్దు, దించండ్రా!" అని ఆయన అరుస్తుండగానే నలుగురు కలిసి బండిని భుజాలకెత్తేశారు. బ్యాండు మోగింది. జనం చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి. నలుగురు చెప్పులు విప్పేసి, కాయల మీద పాదం జారుస్తూ జాగ్రత్తగా నడుస్తుంటే, అందరి తలల మీదా మాస్టారు ఊరేగుతున్నారు. ఆయన చేతులు మాత్రం మొండిగా పిడుల్ని తిప్పుతూనే ఉన్నాయి. గాలిలో గొలుసున్న చక్రం గిర్రున తిరుగుతోంది.

పక్కనుంచి పోతూ ఆయన త్రినాథ్ వంక చూశారు. కోపం లేదు ఆ చూపులో. బోర్డు మీద లెక్కంతా సరిగ్గా చేసి, చివర్లో జవాబు తప్పు రాసిన పిల్లాడి వంక అలాగే చూసేవారు.

త్రినాథ్ గొంతులో మెట్టు కదిలింది.

"దించండి" అన్నాడు.

ఎవరికీ వినపడలేదు.

"దించండి!" ఈసారి డోలు ఆగిపోయింది. "కుదరదు. మాస్టార్ని ఎత్తడానికి కుదరదు. ఇక్కడ కాయలు పోయడానికి కుదరదు. మేడమ్, అది రంగు కాదండీ, మిరపకాయలు."

సన్నాయి ఆయన ఒకసారి తుమ్మి, సిగ్గుపడ్డాడు.

కమిషనర్ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉన్నారు. "కారు దిగగానే తెలిసిందయ్యా. నాకూ ముక్కుందిగా. నువ్వు ఎప్పటికి చెబుతావా అని చూస్తున్నా."

సుబ్బరావమ్మ లేచి గొడుగు మూసింది. తిట్టబోతోందని త్రినాథ్ భుజాలు ముడుచుకున్నాడు.

"ఈ ముక్క మొన్ననే అనుంటే మా చెల్లెలి డాబా మీద పోసుకునేదాన్ని కదయ్యా! డాబా ఖాళీగానే ఉంది."

"మీకు... కోపం రాదా?"

"కోపమెందుకు? అడగటం నా వంతు, లేదనటం నీ వంతు. నీ వంతు కూడా నన్నే చెయ్యమంటే ఎట్టా?"

హమాలీలు బండిని వెనక్కి తెచ్చి వాలు మొదట్లో దించారు. అన్ని బస్తాలూ ఎత్తించాలంటే సాయంత్రమవుతుంది. త్రినాథ్ ప్యాంటు మడిచి, సుబ్బరావమ్మ చేతిలో పలక తీసుకుని, గట్టు నడిమి కాయల్ని అటూ ఇటూ తోయడం మొదలుపెట్టాడు. తోసినంత మేరా బూడిద రంగు సిమెంటు బయటపడుతోంది. అంచుల్లో పలక అందని చోట చేత్తోనే లాగేశాడు. వెనకాలే మాస్టారు బండి.

"కంగారేం లేదురా, మెల్లగా కానీ. నాలుగు వేళ్లు ఇటు కూడా తొయ్యి, చక్రం అంటుతోంది."

ఎవరో అలవాటు కొద్దీ బండి వెనక చెయ్యెయ్యబోయారు. మాస్టారు తల తిప్పి చూశారు. ఆ చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది.

రేవు దగ్గర త్రినాథ్ పక్కకి తప్పుకున్నాడు. మాస్టారు అతన్ని దాటి, చివరి వాలు మీద బ్రేకు పట్టుకుంటూ తనంతట తానే దిగి, ముందు చక్రం నీటికి జానెడు దూరంలో ఆపారు. వెనక్కి తిరగలేదు. కాలవ వంక చూస్తూ చాలాసేపు అలాగే ఉన్నారు.

"వాలు సరిగ్గానే కుదిరిందిరా త్రినాథూ" అన్నారు నీళ్లతో చెబుతున్నట్టు.

త్రినాథ్‌కి కళ్లు మసకలు కమ్మాయి. తుడుచుకుందామని చెయ్యెత్తి, ఇంతసేపూ ఆ చేత్తో ఏం లాగాడో గుర్తొచ్చి, జాగ్రత్తగా దించేశాడు.

"ఏంటయ్యా, ఏడుస్తున్నావా?" అన్నారు కమిషనర్ గారు పక్కకి వచ్చి.

"లేదు మేడమ్. కారం."

కాదనడం ఆ రోజుకి అది రెండోసారి. అబద్ధమే అయినా, ఈసారి గొంతులో ఏ మెట్టూ తగల్లేదు.