ముప్పై రెండు గేదెలు

పెళ్లయిన నలభయ్యో రోజు ఉదయం ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మొగుడు క్షవరం చేయించుకుని వచ్చేలోపు అతని పాత కీబోర్డులో సొంతంగా ఒక వానచినుకు శబ్దం తయారుచేసి, గుమ్మంలోనే వినిపించి మురిపించాలి.

ఆ కీబోర్డు వయసులో అతనికి అన్నగారవుతుంది. దాని నెత్తిన ముప్పై రెండు అంకెల మీటలు. ఒక్కో మీట కింద ఒక్కో శబ్దం; అన్నీ కలిపి అతను ఆరు నెలలు కూర్చుని చేసుకున్నవి. పక్కవాటాకి వినపడకూడదని ఎప్పుడూ హెడ్‌ఫోన్ పెట్టుకునే దాని ముందు కూర్చునేవాడు. ఆమెకు వినిపించేది ఏమీ లేకపోయినా, ఆ మూసిన కళ్లూ, ఊగే తలా చూసే మురిసిపోయేది. ఆ సాయంత్రమే అతని ఆఫీసులో పై అధికారిణి వీడ్కోలు సభ. అరగంటసేపు అతని వాయిద్యం.

ఆమె పక్కనున్న జారుడు మీటలు అటూ ఇటూ జరిపింది. చినుకు రాలేదు. జలుబు చేసిన గేదె అరిచింది. అయినా తొలి సంతానం కదా, దాచుకుందామని 'దాచు' మీట నొక్కింది. మెమరీకి కాపలా ఉందంది కీబోర్డు మీది చిన్న తెర.

"మనింట్లో మనకి కాపలా ఏంటి?" అని ఆ కాపలా తీసేసింది. దాచు మీట వెలిగింది. ముందుగా ఆయనవి ఒకసారి విందామని ఒకటో అంకె నొక్కింది. గేదె. రెండోది. గేదె. దాచు మీట వెలుగుతున్నంతసేపూ నొక్కిన ప్రతి అంకె కిందా పాత శబ్దం చెరిగి గేదె చేరుతోందని ఆమెకు తెలియదు. పదిహేడోదీ గేదే. ఒక్కటైనా మిగిలిందేమోనన్న ఆశతో ముప్పై రెండూ నొక్కింది.

మరిదికి ఫోన్ చేసింది.

"కంగారు పడకు వదినా! అన్నయ్య అన్నీ ఒక క్యాసెట్‌లో దాచాడు. తీగ తగిలించి ఎక్కించెయ్, అంతే."

ఎక్కించింది. క్యాసెట్‌లోంచి కీబోర్డులోకి కాదు, కీబోర్డులోంచి క్యాసెట్‌లోకి.

ఇంతలో కింద వాటా పిన్నిగారు తలుపు కొట్టారు.

"ఏమ్మా, పశువునేమైనా పెంచుతున్నారా? ఓనరుగారికి చెప్పారా?"

ఆవిడ వెనకే, నున్నటి మెడతో మొగుడు.

"ఏమండీ, మీ ముప్పై రెండూ గేదెలైపోయాయి. క్యాసెట్ కూడా," అని ఆమె బావురుమంది.

అతను ఒక మీట నొక్కి విన్నాడు. ఇంకోటి విన్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి, పిన్నిగారు చూస్తుండగానే భార్యను గిరగిరా తిప్పేశాడు.

"బతికించావోయ్! ఆరు నెలలూ శబ్దాలు చేయడంతోనే సరిపోయింది. వాయించడం ఎక్కడ నేర్చుకున్నాను?"

"మరి ఆ తల ఊపడం?"

"శబ్దం బాగా కుదిరిందని ఊపేవాణ్ని."

వెంటనే గొంతులో దుఃఖం నింపుకుని అధికారిణికి ఫోన్ చేశాడు.

"మేడమ్, కీబోర్డు పాడైపోయిందండీ. ఒక్క శబ్దం మిగల్లేదు."

"అయ్యో, అంత బాధపడతావేంటయ్యా! మా అల్లుడి దగ్గర అచ్చం అలాంటిదే ఉంది. ఇప్పుడే కారులో పంపిస్తున్నా. నువ్వు వాయించకుండా నేను రిటైరవ్వను."

కింద హారన్ మోగేసరికి భార్యాభర్తలిద్దరూ చెరో చూపుడువేలితో, గేదె గొంతులో, 'సా' ఎక్కడుందో వెతుకుతున్నారు.