సన్మానం తర్వాత 'గొళ్లెం'

మహిళా డిగ్రీ కళాశాల వార్షికోత్సవంలో అతిథుల సన్మానం మొదలై మూడేళ్లు దాటింది. అది అయిపోగానే వేయాల్సిన నాటకం కోసం విద్యార్థినులు ముఖాలకు రంగు వేసుకుని తెర వెనక కూర్చునే ఉన్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కార్యక్రమ పత్రంలో సన్మానం ముందుంది, నాటకం వెనకుంది. ఒక అతిథికి శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక ఇచ్చేసరికి గేటు దగ్గర మరో అతిథి కారు దిగుతున్నారు. వచ్చిన పెద్దమనిషిని ఉత్తచేతులతో పంపలేరు కదా.

అందుకని తెర వెనకే హాజరు పిలిచారు, పరీక్షలు పెట్టారు, డిగ్రీలు చేతికిచ్చారు. ఉదయం స్నానానికి హాస్టల్‌కు పంపి, రాగానే మళ్లీ రంగు వేయించేవారు. పౌడరు డబ్బాలు కాలేజీయే మంజూరు చేసింది. ప్రిన్సిపాల్ వేదిక మీదే రిటైరయ్యారు. కొత్తాయన అదే కుర్చీలో కూర్చుని పాతాయనకు శాలువా కప్పారు.

నాటకం పేరు 'గొళ్లెం'. హాస్టల్ స్నానాల గదుల్లో ఒక్క తలుపుకీ గొళ్లెం లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. అలా నిలబడినప్పుడే లోపలి పిల్ల ఒక మాట, బయటి పిల్ల ఒక మాట కలుపుతూ నాటకమంతా కట్టుకున్నారు. అర్జీలకు కదలని పెద్దలు, ముందు వరసలో కూర్చుని చూస్తే సిగ్గుపడతారని వాళ్ల ఆశ. దండలు కట్టడానికి మూడేళ్లుగా మనుషులు దొరుకుతున్నారు. గొళ్లెం బిగించడానికి మాత్రం ఒక్కడూ దొరకలేదు.

అందరిలోకీ కుముదినికి తొందరెక్కువ. ఆమె చెల్లెలు హైమ ఈ ఏడే ఆ హాస్టల్లో చేరింది. కుముదిని వెళ్లి, మైకు పట్టుకున్న తెలుగు లెక్చరర్ పురుషోత్తం గారిని అడిగింది.

"సార్, మా వంతు ఎప్పుడండీ?"

"వచ్చేసిందమ్మా. రాసిందెవరో చెప్పు. రచయితకు సన్మానం చెయ్యకుండా నాటకం వేస్తే బాగోదు."

"అందరం కలిసి రాశామండి."

"అయితే అందరికీ చేసేద్దాం."

నిజం చెప్పడమే ఆమె చేసిన పొరపాటు. క్షణాల్లో వేదిక మీద కుర్చీలు పడ్డాయి, పిల్లలందరి భుజాల మీదా శాలువాలు పడ్డాయి. సన్మానం పొందినవారు అతిథులు. అతిథులు వేషం వేయడం పద్ధతి కాదు కాబట్టి, నాటకానికి కొత్త నటులు కావాలని నోటీసు అంటించారు. ఇంత మర్యాదగా నోరు మూయించడం ఇంకెక్కడా చూడం.

కుముదినిని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె చెప్పాల్సింది ఒక్కటే, తలుపులకు గొళ్లెం లేదని. అయితే వేదిక మీదున్నవారిని పేరుపేరునా సంబోధించకుండా విషయంలోకి వెళ్లకూడదు. "వేదికనలంకరించిన పెద్దలు..." అని ఆమె మొదలుపెట్టింది. చివరి పేరు దాకా వచ్చేసరికి గేటు దగ్గర ఇంకో కారు ఆగింది. ఆమె ఇప్పటికీ పేర్లు చెబుతూనే ఉంది. గొంతు బాగుందని ముందు వరసలో మెచ్చుకుంటున్నారు.

హాస్టల్లో తలుపు పట్టుకోవడానికి అక్క లేదు. హైమ లోపల్నుంచి తలుపుకి కాలు అడ్డం పెట్టుకుని స్నానం చేసింది. తర్వాత తెర వెనక్కి వెళ్లి, అక్క వదిలేసిన పౌడరు డబ్బా మూత తీసింది.