నాగప్ప పటానికి కళ్ళు

గుత్తిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న ఎర్రిస్వామికి తెలియని పని లేదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే తెలియదు.

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. శెనక్కాయ ఎండిపోయింది, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. ఎర్రిస్వామి ముచ్చటపడి కొన్న కొత్త కంప్యూటర్‌కు చచ్చిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేయడమే పనైంది.

పక్క పల్లె హనుమంతమ్మ కూడా అందుకే వచ్చింది. బోరులో నీళ్ళకు బదులు దుమ్ము లేచిన వారానికే ఆమె మొగుడు నాగప్ప పురుగుల మందు తాగి పోయాడు. పాపం, ఆయనకున్నది ఒకే ఫోటో, ఎవరి పెళ్ళిలోనో తీసింది. ఫ్లాషు వెలుగు కళ్ళద్దాల మీద పడి, కళ్ళున్నచోట రెండు తెల్లబిళ్ళలు మెరుస్తున్నాయి.

"దినాలకు పటం కావల్లప్పా. కండ్లు కనపడల్ల," అందామె.

"అదెంత పనమ్మా! ఆ మెరుపు తుడిచేస్తే అడుగున కండ్లుండవా?"

తుడిచాడు. అడుగున కళ్ళు లేవు.

"ఆయప్ప కండ్లు ఎట్లుండెనో ఆయమ్మనే అడగరాదా?" అంది పెళ్ళాం భారతి.

"అడిగితే స్టూడియో పరువేం కావల్ల?"

"ఉంటే గదా పోయేకి!"

ఆ మాట చెవిన పెట్టకుండా, తన ఫోటోలోంచే కళ్ళు కత్తిరించి నాగప్ప అద్దాల వెనక అతికించాడు. భేషుగ్గా కుదిరాయి. హనుమంతమ్మ పటాన్ని చాలాసేపు చూసి, కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఎర్రిస్వామి మీసం దువ్వుకున్నాడు.

ఆమె పిలిచిందని దినాలకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళారు. గోడన పటం, పటానికి బంతిపూల దండ, ముందు ఊదుబత్తులు. వచ్చినవాళ్ళంతా "అచ్చం నాగప్పే" అంటున్నారు. దండం పెట్టబోయిన భారతి చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. రోజూ తనను ఉరిమి చూసే కళ్ళను ఆమె గుర్తుపట్టదా!

"బతికుండంగనే దండ ఏయించుకుంటివి కదయ్యా!" అని పళ్ళు కొరికింది. "నా తాళికేమన్నా అయితే? దించు పటాన్ని."

"దినం నాడు పటం దించుతారా యాడన్నా? గమ్మునుండు."

"దించుతావా, నన్ను అరవమంటావా?"

ఎర్రిస్వామి గొంతు సవరించుకున్నాడు. "రంగు సరిగా రాలేదమ్మా, మల్లా చేసిస్తా," అంటూ పోయి పటం మీద చెయ్యి వేశాడు.

హనుమంతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీప్పా. కండ్లు ఆయనవి కాదని ఆ పొద్దే తెలుసు. ఆయన ఎడమ కంటికి పొరొచ్చి తెల్లగైపోయిండె. ఈడుండేవాళ్ళకంతా తెలుసు."

మెచ్చుకున్నవాళ్ళంతా తలలు వంచుకున్నారు.

"మరి నాకు చెప్పకపోతివే!"

"నువ్వు అడగకపోతివి. పంటొస్తే ఆపరేషన్ చేపించుకుందామని ఏటా అనుకుంటాండె, ఏటా ఎండిపాయె. పటంలోనన్నా రెండు కండ్లూ బాగుండనీలే." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంతకూ ఎవరివప్పా ఇవి?"

ఎర్రిస్వామి మెల్లగా జనం వెనక్కి జరిగాడు. భారతే ముందుకొచ్చింది.

"మా ఇంటాయనవేనక్కా. కండ్లు బాగనే ఉండాయి, బుద్ధే లేదు."

హనుమంతమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. "నీ మొగునివంటే దించుకో చెల్లీ, నేనేమీ అనుకోను," అంది వెక్కుతూ.

భారతి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "వద్దులేక్కా. నాకు మనిషే ఉండాడు. నీకు ఈ పటమే కదా."

తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఏం చూస్తాండావు? దండం పెట్టు."

ఎర్రిస్వామి చేతులు జోడించాడు. తలెత్తి ఆ కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు.